గింజ ఎడ్లకు, నీళ్ళు మనుషులకు

పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు ఉలవలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

నేను పక్క గదిలో పేపరు చదువుతున్నాను. గ్యాస్ వాసన వచ్చాక లేచి వెళ్ళాను. గిన్నె చుట్టూ గోధుమరంగు నురగ గట్టు మీదికి కారి ఉంది. స్టవ్ కట్టేసి, కిటికీ తెరిచి, గట్టు తుడిచి, వాసన పోయాక మళ్ళీ వెలిగించాను. ఉలవలు ఉడికేటప్పుడు గిన్నెలో సగానికి మించి ఉండకూడదని నా భార్య చెప్పేది. ఏ పప్పు ఉడికినా నురగ వస్తుంది, ఉలవలకు ఇంకాస్త ఎక్కువ వస్తుంది. గింజలో సాపోనిన్లు అనే పదార్థాలు ఉంటాయి. నీళ్ళలో సబ్బు చేసే పనే అవీ చేస్తాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ గిన్నె నింపాను.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమె పనిచేసిన బడిలో సంతాపసభ పెట్టినప్పుడు వెళ్ళాను. మాట్లాడినవాళ్ళు ఆమెను అన్నపూర్ణ అన్నారు, వెలుగు అన్నారు, త్యాగమూర్తి అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అయితే ఆమె ఏం చేసిందో ఆ మాటలు విన్న కొత్తవాళ్ళకు తెలిసే వీలు లేదు. ఆమె చేసిన పని ఉలవలతో. నాకు తెలిసినంత వరకు అది రాస్తాను.

మాది గోపాల్‌పేట దగ్గర ఊరు. చిన్నప్పుడు మా ఇంట్లో ఉలవలు వంటింట్లో ఉడికేవి కావు. వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద కుండలో ఉడికేవి, ఎందుకంటే అవి ఎడ్ల కోసం. గింజ మెత్తబడ్డాక అమ్మ కుండ మూతికి గుడ్డ కట్టి వంచేది. ఎర్రటి చిక్కటి నీళ్ళు కింద గిన్నెలోకి దిగేవి. దాన్ని కట్టు అంటాం. కట్టు వంటింట్లోకి వెళ్ళి చింతపండు, ఎల్లిగడ్డ, ఎండుమిరపకాయల తాలింపుతో చారయ్యేది. గింజలు గంపలో చల్లారి కొట్టంలోకి వెళ్ళేవి.

ఒకసారి గంపలోంచి పిడికెడు గుగ్గిళ్ళు తీసి నోట్లో వేసుకుంటుంటే అమ్మ చూసింది.

"ఎడ్ల నోటి కాడిది గుంజుకుంటవేందిరా? పొద్దంత దున్నేది అవా, నువ్వా?" అంది.

నాయన కూడా పొద్దంతా వాటి వెనకే నడుస్తాడని నాకు తోచింది. ఎద్దు పడిపోతే ఆ ఏడు సేద్యం లేదు. అందుకే ఎద్దు కడుపు ముందు నిండేది. ఆ వరుసను మా ఇంట్లోనే కాదు, చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ ఎవరూ ప్రశ్నించినట్టు నాకు గుర్తు లేదు.

నా భార్యది గద్వాల వైపు, మల్దకల్ దగ్గర ఊరు. అక్కడి మెట్ట చెలకల్లో ఉలవ ఆఖరి ఆశగా వేసే పంట. వానలు సకాలంలో వస్తే ఆముదమో కందో వేసుకుంటారు. అవి ఎండిపోతే, హస్త కార్తెలో పడ్డ ఒక్క తడి చూసుకుని ఉలవలు చల్లుతారు. ఆ తర్వాత వాన చుక్క పడకపోయినా, రాత్రి మంచుకే తీగ సాగి కాయ పడుతుంది. మా మామ దాన్ని హురళి అనేవాడు. కన్నడ సరిహద్దుకు దగ్గర కాబట్టి అక్కడి పెద్దవాళ్ళ నోట ఆ మాట ఉండేది. "హురళికి ఎక్కువ నీళ్ళు పెడ్తే అలుగుతది అల్లుడా, ఒట్టి ఆకే పెడ్తది, కాయ పెట్టదు" అని నవ్వేవాడు.

కరువు ఏళ్ళలో వాళ్ళ ఇంట్లో మిగిలిన గింజ అదొక్కటే. అందుకే కాబోలు, ఆమె పోషకాహార శాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తూ చివరి ఏడాది పరిశోధనకు దాన్నే ఎంచుకుంది. ఇంటి నుంచి నల్ల ఉలవలు ఒక సంచిలో, ఎర్ర ఉలవలు ఒక సంచిలో హాస్టల్‌కు మోసుకెళ్ళింది. "పశువుల డాక్టర్ల కాలేజీ పక్క సందుల ఉంది, నువ్వు ఆడికి పో" అని తోటివాళ్ళు ఏడిపించారట. పెళ్ళయిన కొత్తలో నాకు ఈ సంగతి చెబుతూ, "పోయేదాన్నే, ఆడ గూడ ఉలవలను సూడకపోదురు, గుర్రాన్నే సూద్దురు" అంది.

ఆమె చెప్పగా చెప్పగా నాకు కొంత వచ్చింది. గింజ బరువులో ఐదో వంతుకు పైగా మాంసకృత్తులు. కొవ్వు చాలా తక్కువ. పీచు ఉంది, ఇనుము ఉంది, కాల్షియం ఉంది. అందులోని పిండి నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి తిన్నవాళ్ళకు త్వరగా ఆకలి కాదు. మాంసకృత్తుల్లో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు తక్కువే, కానీ అన్నంతోనో జొన్నరొట్టెతోనో కలిపి తింటే ఆ లోటు తీరుతుంది. ఇక గింజలో ఫైటిక్ ఆమ్లం, పైపొట్టులో టానిన్లు ఉంటాయి. నల్ల గింజ పొట్టులో అవి ఇంకా ఎక్కువ. ఇవి ఇనుమును పట్టుకుంటే తొందరగా వదలవు. దాంతో తిన్న ఇనుమంతా ఒంటికి పట్టదు. పుస్తకాల్లో వీటికి పోషక నిరోధకాలు అని పేరు. ఆమెకు ఆ పేరు నచ్చేది కాదు. అవి గింజ తన కాపలా కోసం పెట్టుకున్నవి, పురుగును ఆపడానికి పెట్టుకున్నవి అనేది. మితంగా ఒంట్లో చేరితే అవే మేలు కూడా చేస్తాయని, నానబెట్టి మొలకెత్తిస్తే వాటి పట్టు సడలుతుందని చెప్పేది.

ఆమె నాగర్‌కర్నూల్ దగ్గర హాస్టల్ ఉన్న ఒక ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. భోజనాల బాధ్యత కూడా ఆమెకే ఇచ్చారు. మేం వనపర్తిలో ఉండేవాళ్ళం. రోజూ గోపాల్‌పేట మీదుగా బస్సులో వెళ్ళి వచ్చేది. నేను వనపర్తిలోనే కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత వారానికి రెండు రోజులు ఆమెతో పాటు ఆ బడికి వెళ్ళి పుస్తకాలు సర్దిపెట్టేవాణ్ణి. అందువల్ల ఇక్కడ రాసేదాంట్లో చాలా వరకు నేను చూసిందే.

ఆ పిల్లల్లో ఎక్కువమంది వలస కూలీల బిడ్డలు. తల్లిదండ్రులు మేస్త్రీల వెంట బొంబాయో పుణెయో వెళ్తే వీళ్ళు హాస్టల్లో ఉండేవాళ్ళు. దసరా సెలవుల తర్వాత దవాఖాన నర్సమ్మ వచ్చి పరీక్ష చేస్తే సగానికి సగం మందికి రక్తం తక్కువని తేలింది. మెట్లెక్కితే ఆయాసపడేవాళ్ళు, మధ్యాహ్నం క్లాసులో తలవాల్చేవాళ్ళు. నర్సమ్మ మాత్రలు ఇచ్చి వెళ్ళింది. నా భార్య ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి వారానికి రెండు రోజులు ఉలవలు పెడదామంది.

"తల్లిదండ్రులొచ్చి మా పిల్లలకు గొడ్ల దాణా పెడ్తుండ్రా అని అడిగితె నేనేం చెప్పాలె మేడమ్?" అంది ప్రిన్సిపాల్.

"నా పేరు చెప్పుండ్రి."

"పేరు చెప్తె ఆగుతరా? సరే. మళ్ళ రక్తం పరీక్ష అయ్యేదాంక చూద్దాం. ఫరక్ లేకపోతె తీసేస్త. మళ్ళ నన్ను అడగొద్దు."

ఆమె ఒప్పుకుంది. భోజనశాల గోడ మీద నల్లబల్లపై మంగళవారం, శుక్రవారం ఎదురుగా ఉలవచారు అని చాక్‌పీస్‌తో రాసింది. ఆ రెండు గళ్ళలో ఆ మాట ఉంటుందా, చెరిగిపోతుందా అన్నది ఇక ఆమె మాటకు విలువ ఉందా, లేదా అన్నదానితో సమానం.

పిల్లలకు చారు నచ్చింది. "గిన్నెలు నాకిండ్రు ఇయ్యాల" అని ఇంటికొచ్చి మురిసిపోయేది. చారు నిజంగానే బాగుండేది. వంట చేసే ఆవిడ వాళ్ళది బడి వెనకే ఇల్లు. కట్టును చిక్కబడేదాకా మరిగించడంలో ఆవిడకు మంచి చెయ్యి ఉంది. నేనూ తిన్నాను.

జనవరిలో నర్సమ్మ మళ్ళీ వచ్చింది. ఫరక్ లేదు. ఇద్దరు ముగ్గురికి ఇంకా తగ్గింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆమె చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. తర్వాత తన పాత పరిశోధన ప్రతి తీసి ముందేసుకుంది. టీ పెట్టి ఇస్తే చల్లారిపోయింది.

"గింజ మంచిదే. గింజల ఉన్నది పిల్లలకు చేరుతలేదు. నడుమ ఎవలో పట్టుకుంటుండ్రు" అంది.

ఆమె అన్నది ఫైటిక్ ఆమ్లం గురించి, టానిన్ల గురించి. వంటావిడ ఉలవల్ని తక్కువసేపు నానబెడుతోందేమో, నానిన నీళ్ళు పారబోయడం లేదేమో అని ఆమె అనుమానం. వంట జరిగే వేళకు ఆమె ఎప్పుడూ క్లాసులో ఉండేది. భోజనశాలకు వచ్చేసరికి చారు సిద్ధంగా ఉండేది. అందుకని ఆ వారం ఒక రోజు ఉలవల్ని ఆదివారానికి మార్పించి, పొద్దున బస్సుకు బయల్దేరింది. నేనూ వెళ్ళాను. బస్సులో దారి పొడుగునా ఎంతసేపు నానితే ఎంత ఫైటిక్ ఆమ్లం పోతుందో నాకు చెబుతూనే ఉంది.

మేం వంటగది వెనక నుంచి వెళ్ళేసరికి వంటావిడ గంప నెత్తిన పెట్టుకుని వెనక గేటు దాటుతోంది. గంపలోంచి ఆవిరి లేస్తోంది.

"ఎటు పోతున్నవక్కా?" అంది నా భార్య.

"ఎడ్లకాడికి మేడమ్. మీరేంది, ఐతారం పూట? సారును గూడ తోల్కొచ్చిండ్రు!"

"గంపల ఏంది?"

"ఉలవలే. కట్టు దీసిన. చారు పొయ్యి మీదున్నది, ఉప్పు సూస్తరా?"

"గింజలు పిల్లలకు పెడ్తలేవా?"

ఆవిడ అది పరాచికం అనుకుంది. గంప దించకుండానే నవ్వింది. "పిల్లలు గుగ్గిళ్ళు మేస్తరా మేడమ్? చారు తాగుతరు, గింజలు ఎడ్లకు. ఎవలింట్లనైన గంతే గద."

గోడ అవతల వేపచెట్టు కింద రెండు ఎడ్లు కట్టేసి ఉన్నాయి. నేను పుట్టింది సేద్యం ఇంట్లో. అంత నిగనిగలాడే ఎడ్లను నేను తక్కువ చూశాను. మూపురాలు నిండుగా ఉన్నాయి, వెంట్రుక నూనె రాసినట్టుగా ఉంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఎడ్లు మంచిగున్నయమ్మా" అన్నాను.

"మీ మేడమ్ దయ సారూ. దసరా సంది మంచిగ బలిసినయి" అందావిడ.

నా భార్య గేటు పక్కనున్న నీళ్ళ తొట్టి అంచు మీద కూర్చుంది. నవ్వడం మొదలుపెట్టింది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఆగకుండా నవ్వింది. "దొరికిండ్రు. నడుమ ఎవలు పట్టుకుంటుండ్రో దొరికిండ్రు" అంది నాతో.

వంటావిడకు సంగతి మెల్లగా అర్థమై మొహం పాలిపోయింది. గంప దించింది. "నేను దొంగతనం జేసిన అనుకుంటుండ్రా మేడమ్? అందరు జూస్తనే ఉండ్రి. వాచ్‌మన్ ఒకపారి గంప గూడ ఎత్తిండు. ఎవలు గూడ వద్దనలే."

"ఎవలంటరక్కా? మా ఇంట్ల గూడ గిట్లనే" అంది నా భార్య.

అది నిజం. మా ఇంట్లో ఎడ్లు లేవు, కొట్టం లేదు. వనపర్తిలో రెండు గదుల వాటా. అయినా ఆమె ఉలవలు ఉడికించి, గుడ్డలో వడకట్టి, కట్టుతో చారు పెట్టి, గింజలు పాలు పోసే ఆవిడ బర్రెకు ఇచ్చేది. నేను పలుచని, పలుకులేని చారుకు అలవాటుపడ్డవాణ్ణి. ఆ గింజ మీద పరిశోధన చేసిన మనిషీ, నేనూ, ఇద్దరం ఏళ్ళ తరబడి ఆ గింజను తలుపు దగ్గర ఇచ్చేసి నీళ్ళు తాగాం. కట్టులోకి కొంత దిగుతుంది, రంగూ రుచీ దిగుతాయి, పొట్టులోని టానిన్ల వంటివి కొన్ని, లవణాలు కొన్ని దిగుతాయి. మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం గింజలోనే ఉండిపోతుంది. గింజ ఎక్కడికి పోతుందో ఆమె అడగలేదు. ఎందుకంటే ఆమెకు తెలుసు, అది పశువులకు పోతుంది. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి కాబట్టి అది ఆమె లెక్కలోకి రాలేదు.

సోమవారం ప్రిన్సిపాల్ వంటావిడను పనిలోంచి తీసేస్తానంది. నా భార్య ఒప్పుకోలేదు.

"చారు పెట్టమని రాసింది నేను. గింజ పెట్టమని ఎక్కడ రాసిన? ఆమె రాసింది రాసినట్టు చేసింది."

"అయితె ఇప్పుడేమంటరు?"

"ఇంకొక్కపారి."

"పరీక్షల ముందు నర్సమ్మ వస్తది. అదే ఆఖరు మేడమ్. అప్పుడు గూడ ఎడ్ల ముచ్చట చెప్తె నేను వినను."

ఇప్పుడు అసలు కష్టం మొదలైంది. మంగళవారం మధ్యాహ్నం కంచాల్లో చారుతో పాటు తాలింపు వేసిన గుగ్గిళ్ళు పెట్టించింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒక బల్ల దగ్గర ఎవరో ఎద్దులా అంబా అని అరిచారు. భోజనశాల అంతా గొల్లుమంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె కంచం ముందుకు తోసి లేచి నిలబడింది.

"మేం ఎడ్లమా మేడమ్?" అంది. "మా నాయిన పుణెల ఇటుకలు మోస్తడు. మేస్త్రి ఎద్దు అని పిలుస్తడు. ఈడికొస్తె మీరు గూడ ఎడ్ల కూడు పెడ్తరా?"

నవ్వులు ఆగిపోయాయి. నా భార్య ఆ బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. ఆ పిల్ల తోసేసిన కంచాన్ని తన ముందుకు లాక్కుని, గుగ్గిళ్ళు చేత్తో తీసుకుని తినడం మొదలుపెట్టింది. సగం తిన్నాక అంది:

"మా నాయిన గూడ ఎద్దు వెనక నడిచిండు బిడ్డా. ఇద్దరి రెక్కలు నొచ్చినయి. సాయంత్రం ఎద్దుకు గింజ, ఆయనకు నీళ్ళు. నేను గివి గింజలే చదువుకొని పెద్ద చదువు చదివిన. గాయన కంచంల ఒక్కపారి పెట్టలే. నీకు పెడ్తున్న. తింటె తిను, లేకుంటె లేదు. కొట్టి తినిపియ్య."

ఆ పిల్ల కూర్చుంది. తిన్నదని చెప్పను. ఆ రోజు చాలా కంచాల్లో గుగ్గిళ్ళు మిగిలాయి. వంటావిడ వాటిని ఊడ్చి గంపలో వేస్తూ, "మా ఎడ్లు అలగకుండ మీరే జూసుకుంటుండ్రు" అని పిల్లల్ని ఎత్తిపొడిచింది.

తర్వాతి వారం సైన్సు గదిలో ఆమె పాఠం మార్చింది. నల్ల ఉలవలు రాత్రంతా నానబెట్టిన నీళ్ళు ఒక గాజు గొట్టంలో పోసి, మూతి మూసి గట్టిగా ఊపింది. నురగ లేచి చాలాసేపు నిలిచింది. అది సాపోనిన్ల పని అని చెప్పింది. ఇంకో గొట్టంలో అవే నీళ్ళు పోసి, అందులో ఇనుము కలిసిన పసుపుపచ్చ ద్రావణం ఒక చుక్క వేసింది. ఆ ద్రావణాన్ని ఫెర్రిక్ క్లోరైడ్ అంటారు. నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి.

"సూసిండ్రా? గింజ ఇనుమును గట్ల పట్టుకుంటది. మన కడుపుల గూడ గట్లనే పట్టుకుంటది. ఎట్ల విడిపియ్యాలె?"

పిల్లలకు అది ఆటలా తోచింది. నానిన నీళ్ళు పారబోస్తే కొంత పోతుంది. తడిగుడ్డలో కట్టి మొలకెత్తిస్తే మొలక తన ఎదుగుదల కోసం ఫైటిక్ ఆమ్లాన్ని తానే విడగొట్టుకుంటుంది. పులుపులో ఉండే విటమిన్ సి తోడుంటే ఇనుము ఒంటికి పట్టడం తేలికవుతుంది. ఇవి ఆమె చెప్పింది. గుడ్డ మూటలు కట్టడం పిల్లలకే అప్పగించింది. రెండు రోజులకు తెల్లటి మొలకలు బయటికొచ్చాయి. తమ మూట మొలకలు పెద్దవా, పక్కవాళ్ళవా అని కొలుచుకున్నారు.

పులుపుకు ముందు నిమ్మకాయ వాడారు. మాఘం దాటాక కొల్లాపూర్ మామిడి తోటల్లో గాలికి రాలిన పిందెలు బస్తాల్లో రావడం మొదలైంది. వాటిని సన్నగా తరిగి, పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డతో మొలకల గుగ్గిళ్ళలో కలిపించింది. పిల్లలు మామిడి ముక్కలు ఏరుకుని తిని గింజలు వదిలేశారు. తర్వాతిసారి ఆమె వంటావిడతో మామిడిని కోరాముతో సన్నగా కోరించింది. కోరు ప్రతి గింజకూ అంటుకుంది. ఏరడానికి ఏమీ లేకపోయింది.

"మోసం మేడమ్ ఇది" అంది తొమ్మిదో తరగతి పిల్ల. అప్పటికే ఆ పిల్ల నోరు నిండా ఉంది.

ఆ తర్వాత అడిగి వేయించుకోవడం మొదలైంది. వంటావిడ కూడా తినడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళు గింజ ఉడికించి ఒక్కసారి నోట్లో వేసుకోలేదని, వేసుకుంటే పాపం తగులుతుందేమో అన్నట్టు ఉండేదని చెప్పింది. ఎడ్లకు పొలం గట్ల మీది గడ్డి, తవుడు మిగిలాయి.

మా ఇంట్లో కూడా ఒక మార్పు జరిగింది. పాలు పోసే ఆవిడ బకెట్‌తో వచ్చి నిలబడింది.

"ఉలవలేవమ్మా?"

"ఇగ ఉండవు. మేమే తింటం."

"మీరా? గుగ్గిళ్ళా? సారుకు పండ్లు ఆగుతయా?" అని లోపలికి తొంగి నా వైపు చూసింది. "మా బర్రె ఏం పాపం జేసిందమ్మా?"

పరీక్షల ముందు నర్సమ్మ వచ్చింది. ఆ రోజు నా భార్య పొద్దున ఏమీ తినకుండా వెళ్ళింది. నేను లైబ్రరీలో కూర్చుని ఒకే అట్టను రెండుసార్లు అతికించాను. మధ్యాహ్నం నర్సమ్మ కాగితాలు పట్టుకుని వరండాలోకి వచ్చి, "మేడమ్, ఏం పెట్టిండ్రు వీళ్ళకు?" అంది. చాలామందికి రక్తం పెరిగింది. అందరికీ కాదు. కొందరికి దవాఖానలో చూపించాల్సిన వేరే జబ్బు ఉందని కూడా అప్పుడే తెలిసింది.

ప్రిన్సిపాల్ అందరి ముందూ మెచ్చుకుంది. నా భార్య చెప్పిన జవాబు నాకు గుర్తుంది. "ఉలవల తోనే అని చెప్పలేను మేడమ్. ఈపారి మాత్రలు గూడ సక్కగ మింగిండ్రు. ఆకుకూర గూడ పెంచినం. అన్నీ కలిసి పెంచినయి. ఉలవలకు వాటి వాటా ఇయ్యిండ్రి, చాలు."

గెలిచిన రోజున తన గెలుపును కొలిచి, కొలిచినంతే తీసుకున్న మనిషితో నేను బతికాను. నాకు గర్వంగా ఉంది. ఆ రోజు కూడా ఉండింది. కానీ బస్సులో పక్కన కూర్చుని, "ఆకలైతలేదా?" అని మాత్రమే అడిగాను.

వేసవి సెలవుల్లో బడి గోడలకు సున్నం వేసినప్పుడు ప్రిన్సిపాల్ భోజనశాల నల్లబల్లను తీయించింది. దాని చోట గోడ మీదే వారం వంటలు రంగుతో రాయించింది. మంగళవారం, శుక్రవారం ఎదురుగా ఉలవచారు, మొలకల గుగ్గిళ్ళు అని ఉంటుంది. ఆ పేరు అక్కడ ఇప్పటికీ ఉంది. సంతాపసభ రోజున వక్తలు మాట్లాడుతున్నంతసేపు నేను ఆ గోడనే చూస్తూ కూర్చున్నాను.

పోయిన వేసవిలో, ఆమె పోయిన పదకొండో రోజున, వంటావిడ మా ఇంటికి వచ్చింది. స్టీలు డబ్బాలో మామిడి కోరు కలిపిన గుగ్గిళ్ళు తెచ్చింది. ఎడ్లను అమ్మేశారట, ట్రాక్టరే దున్నుతోందట. డబ్బా ఫోటో ముందు పెట్టి, "మేడమ్ ముందు గింజలు పెట్టకుండ ఒట్టి చారెట్ల తెస్త సారూ" అంది. అంతే. కొంచెంసేపు కూర్చుని బస్సుకు వెళ్ళిపోయింది. ఆమె గురించి నేను విన్న మాటల్లో నాకు సరిపోయింది అదొక్కటే.

మళ్ళీ వెలిగించిన స్టవ్ మీద ఉలవలు ఈసారి పొంగకుండా ఉడికాయి. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలిగింది. నాలుగు గరిటెలు తీసి పప్పుగుత్తితో మెదిపి, కట్టులోనే కలిపి చారు పెట్టాను. చిక్కగా, పలుకులతో ఉంది. మిగిలిన వాటికి తాలింపు వేసి, కొల్లాపూర్ మామిడికాయ ఒకటి కోరి కలిపాను. పూర్వం వడకట్టడానికి వాడిన గుడ్డ ఆమె ఉన్నప్పటి నుంచే మొలకలు కట్టడానికి వాడుతున్నాం. దాన్ని ఉతికి ఆరేశాను.

మా ఇంట్లో ఇప్పుడు ఉలవలు వడకట్టడం లేదు.